అప్‌డేట్: ఎస్‌టీ7735 డిస్‌ప్లే రంగుల గొడవ తీరింది

మొన్న అడిగింది నేనే. అనంతపురం దగ్గర మా చీనీ తోటలో బోరు స్టార్టర్ పక్కన పెట్టడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఎస్‌టీ7735 చిప్‌తో నడిచే 1.8 అంగుళాల కలర్ డిస్‌ప్లే కలిపితే ఎరుపు నీలంగా కనబడుతోంది, అంచున చుక్కల గీత మిణుకుమంటోంది అన్నాను కదా, రెండూ పోయాయి. స్క్రీన్ మీది పల్చటి పొరకు ఉండే చెవి (పట్టుకుని లాగే కొస) రంగును బట్టి లైబ్రరీలో (డిస్‌ప్లేను నడిపే రెడీమేడ్ కోడ్‌లో) గ్రీన్‌ట్యాబ్, రెడ్‌ట్యాబ్, బ్లాక్‌ట్యాబ్ అని సెట్టింగులుంటాయి, కానీ ఆ రంగును నమ్మొద్దు, నాది ఎర్ర చెవిదైనా గ్రీన్‌ట్యాబ్ పెడితేనే గీత పోయింది. రంగులకు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వరుసను బీజీఆర్‌కు (నీలం ముందు, ఎరుపు చివర) మార్చాను, అంతే.

ఇంకో గొడవ, అంకె మారినప్పుడల్లా స్క్రీన్ వెలిగి ఆరేది, దానికి ఒక అన్న చెప్పినట్టు మొత్తం బొమ్మను ముందు మెమరీలో గీసి ఒకేసారి పంపిస్తున్నా. 128 ఇంటు 160 పిక్సెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, అంటే 40 కేబీ. ఈఎస్‌పీ32కి అదేం లెక్క కాదు గానీ 2 కేబీ ర్యామ్ మాత్రమే ఉన్న ఆర్డుయినో ఊనో బోర్డులో ఈ పని కుదరదు, ఊనో వాళ్లు అక్షరానికి బ్యాక్‌గ్రౌండ్ రంగు కూడా ఇచ్చి పాత అంకె మీదే రాసేయండి.

తెలుగు మాత్రం ఒత్తులు విడిపోయి దరిద్రంగా వచ్చింది. అందుకే “మోటార్ ఆన్”, “నీళ్లు లేవు” రెండూ చిన్న బొమ్మలుగా చేసి పెట్టా, నాన్నకు అవి చాలు.

ఇక మిగిలింది ఎండ. మధ్యాహ్నం మన ఎండకు బ్యాక్‌లైట్ ఫుల్లుగా పెట్టినా ఏమీ కనబడదు, డబ్బాకు రేకు చూరు కట్టాలి.