ఎఫ్‌డీ ఆర్‌ఎక్స్-7: చాలాకాలం ఆగిపోయిన బండి, నమ్మకంగా 350 హార్స్‌పవర్ కావాలి. ఏ పని ముందు?

కలబండి_93

అందరికీ నమస్కారం. ఎప్పటి నుంచో ఆశపడ్డ బండి ఎట్టకేలకు చేతికొచ్చింది. 1993 మాజ్డా ఆర్‌ఎక్స్-7, ఎఫ్‌డీ3ఎస్, మాన్యువల్. చాలాకాలం షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజిన్ ఫ్యాక్టరీ 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ, అంటే పిస్టన్లకి బదులు రెండు త్రికోణపు రోటర్లు తిరిగే రోటరీ. సీక్వెన్షియల్ ట్విన్ టర్బోలు (ఒకదాని తర్వాత ఒకటి కలిసేవి), ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కూడా ఫ్యాక్టరీదే. పాత ఓనరు ప్రీ-క్యాట్ (టర్బోల వెంటనే ఉండే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసి దాని చోట ఖాళీ గొట్టం, అంటే డౌన్‌పైప్ వేశాడు, వెనక ఫ్రీ-ఫ్లో ఎగ్జాస్ట్ పెట్టాడు. ఇంకేమీ మార్చలేదు. చేత్తో తిప్పితే ఇంజిన్ తిరుగుతోంది. ఇంకా స్టార్ట్ చెయ్యలేదు.

నాకు కావలసింది చక్రాల దగ్గర 330 నుంచి 350 హార్స్‌పవర్. ఎక్కువగా రోడ్డు మీదే, అప్పుడప్పుడు ట్రాక్. అంకె కోసం ఇంజిన్ పోగొట్టుకునే ఉద్దేశం లేదు. నా సందేహాలు:

స్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాలి? ఇంజిన్ విప్పకుండానే దాని ఆరోగ్యం తెలుస్తుందా? ట్విన్లు ఉంచుకోవాలా, సింగిల్ టర్బోకి వెళ్లాలా? ఆయిల్ మీటరింగ్ పంపు (లోపలి సీల్స్ ఎండకుండా ఆయిల్ అందించేది) తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలపమంటున్నారు, అది అవసరమా?

బెంచ్_13బీ

ఇప్పుడే కీ తిప్పకండి. ఇన్నాళ్లు ఆగిన ఎఫ్‌డీలో అన్నిటికన్నా ముందున్న ప్రమాదం మంట.

అప్పర్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పండి. కింద ప్రైమరీ ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టం) కనబడుతుంది, దాని మీద పెట్రోల్ ప్రెషర్ కుదుపుల్ని తగ్గించే పల్సేషన్ డ్యాంపర్ ఉంటుంది. అందులోని డయాఫ్రం ముసలిదై చిరిగితే నడిమి స్క్రూ దగ్గర నుంచి పెట్రోల్ సరాసరి వేడి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. చెయ్యి పెట్టి చూస్తే తడిగానో, పెట్రోల్ మరకతోనో ఉంటుంది. పొడిగా ఉన్నా సరే, మార్చేయండి. అక్కడున్న రబ్బరు ఫ్యూయల్ హోసులు కూడా అంతే. వేడికి గట్టిపడి, వంచితే పగుళ్లు కనిపిస్తాయి. ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే రకం హోసే వాడాలి. కార్బురేటర్ హోసు పనికిరాదు.

మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పారు కనుక ఇంజెక్టర్లు నాలుగూ తీసి శుభ్రం చేయించి ఫ్లో టెస్ట్ పెట్టించండి. ప్రైమరీలు 550 సీసీ, సెకండరీలు 850 సీసీ. ఒక్కటి బంకపట్టి తక్కువ పోసినా ఆ రోటర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోల్ అందదు), బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని నొక్కి పంపేటప్పుడు, ఇంజిన్ పోవడానికి అది చాలు. వాటి కనెక్టర్లు పెళుసెక్కి ఉంటాయి, క్లిప్పు నొక్కగానే విరుగుతాయి. కొత్తవి దగ్గర పెట్టుకునే మొదలుపెట్టండి. ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చి, పంపు బయటికి తీసి చూడండి.

వ్యాక్యూమ్ హోసులు, అంటే అందరూ ర్యాట్స్ నెస్ట్ అనేవి, మొత్తం సిలికాన్‌వి వేయాలి. ఒక పాత హోసు తీయగానే దాని చోట కొత్తది పెట్టండి. అన్నీ ఒకేసారి పీకితే డయాగ్రాం చేతిలో ఉన్నా ఎక్కడో ఒకటి తారుమారవుతుంది. ఆ హోసుల్లో గాలి దారి మార్చే ఒక్కో సోలినాయిడ్‌కీ (కరెంటుతో పనిచేసే వాల్వు) 12 వోల్టులిచ్చి క్లిక్ వినాలి, నోటితో ఊది దారి మారుతోందో లేదో చూడాలి. వన్-వే వాల్వులు ఒక దిక్కుకే గాలి వదలాలి. రెండో టర్బో రాకపోవడానికి, వచ్చినా ఆలస్యంగా రావడానికి టర్బో పాడవడం చాలా అరుదు. ఇలా చచ్చిపోయిన ఒక వాల్వో, ఊడిన ఒక హోసో కారణమై ఉంటుంది.

తర్వాత కూలింగ్. కూలెంట్‌లోంచి గాలిని విడదీసే ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ఎయిర్ సెపరేటర్ ట్యాంకు ఇంకా ఉంటే దాన్ని తీసి అల్యూమినియంది పెట్టండి. అది అతుకు దగ్గర చీలితే నీళ్లు ఎంత త్వరగా పోతాయంటే, గేజి ముల్లు కదిలేసరికే ఇంజిన్ లోపలి కూలెంట్ సీల్స్ కాలిపోయి ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక ప్లగ్గులు తీసి, ఒక్కో ఛాంబర్లో కొంచెం ఇంజిన్ ఆయిల్ వేసి, ముందు పుల్లీ బోల్టుకి రెంచి పెట్టి సవ్యదిశలోనే నెమ్మదిగా తిప్పండి. మూడు చుట్లకి రోటర్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, కాబట్టి కనీసం అంతైనా తిప్పాలి. ఈజీఐ (పెట్రోల్ ఇంజెక్షన్) ఫ్యూజు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. కంప్రెషన్ చూడాల్సింది ఆ తర్వాత.

మామూలు పిస్టన్ గేజి ఇక్కడ పనికిరాదు. రోటర్‌కున్న మూడు ముఖాల్లో పెద్ద అంకె ఒక్కటే చూపి మిగతా రెండూ దాచేస్తుంది. ఒక్కో రోటర్‌కి మూడు అంకెలు విడివిడిగా చూపి, వాటిని 250 ఆర్పీఎంకి సరిచేసే రోటరీ టెస్టర్ కావాలి. చదరపు సెంటీమీటరుకి 8 కిలోలు దాటితే బాగున్నట్టు. 7కి దిగితే రీబిల్డ్‌కి సిద్ధపడాలి. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 మించకూడదు.

రేడియేటర్_ముందు

పై జాబితాలో లేని, మీ బండికి ప్రత్యేకంగా వర్తించే మాట ఒకటుంది. డౌన్‌పైప్, ఫ్రీ ఎగ్జాస్ట్ ఉన్నాయి, ఈసీయూ మాత్రం ఫ్యాక్టరీది. ఫ్యాక్టరీ వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలి బూస్ట్‌ని ఆపే వాల్వు) రంధ్రం చిన్నది. ఎగ్జాస్ట్ తెరుచుకుంటే అది తట్టుకోలేదు, చల్లటి గాలిలో హై ఆర్పీఎంలో బూస్ట్ దానంతటదే పైకి పాకుతుంది. ఫ్యాక్టరీ లెక్క 10-8-10 పీఎస్ఐ: మొదటి టర్బో మీద 10, 4500 దగ్గర రెండోది కలిసేటప్పుడు 8కి దిగి, మళ్లీ 10. మీ బండిలో ఇది 13, 14కి వెళ్లినా ఆశ్చర్యం లేదు. ఆ ఈసీయూ మ్యాపులో అంత గాలికి సరిపడా పెట్రోల్ లేదు. పిస్టన్ ఇంజిన్ కాస్త డెటొనేషన్‌కి (పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలడానికి) ఓర్చుకుంటుంది. ఇక్కడ రోటర్ కొనల మీదుండే 2 మి.మీ. మందం అపెక్స్ సీల్ ఒక్క దెబ్బకే విరుగుతుంది, ఆ ముక్క హౌసింగ్‌ని (రోటర్ తిరిగే గది గోడని) గీరి, టర్బైన్‌ని కొట్టి బయటికి పోతుంది.

అందుకని మెకానికల్‌గానో, సరైన సెన్సర్‌తోనో పనిచేసే బూస్ట్ గేజి, వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోల్ పాళ్లు చూపే మీటరు) పెట్టేవరకు 4000 ఆర్పీఎం దాటి పెడల్ తొక్కొద్దు. ఈసీయూ మార్చేలోగా బండి నడపాల్సి వస్తే ప్రీ-క్యాట్ తిరిగి పెట్టండి. ఎగ్జాస్ట్ కాస్త బిగుసుకుని బూస్ట్ అదుపులోకి వస్తుంది.

ఇక వేడి. ఫ్యాక్టరీ టెంపరేచర్ గేజిని నమ్మకండి. 80 డిగ్రీల నుంచి 105 వరకు ముల్లు మధ్యలోనే కూర్చుంటుంది. అది లేచేటప్పటికి ఆలస్యమైనట్టే. విడిగా డిజిటల్ గేజి, కూలెంట్ తగ్గితే మోగే అలారం పెట్టండి. ఫ్యాన్లు ఫ్యాక్టరీలో సుమారు 105 దగ్గర మొదలవుతాయి, అది చాలా ఎక్కువ. దీనికి ముందుతరం ఆర్‌ఎక్స్-7, అంటే ఎఫ్‌సీ మోడల్ థర్మోస్విచ్ పెడితే 95 దగ్గరే తిరుగుతాయి. స్టాండలోన్ ఈసీయూ (ఫ్యాక్టరీదాని బదులు పెట్టే, మనమే సెట్ చేసుకోగల కంప్యూటర్) వేస్తే ఆ అంకె మీరే పెట్టుకోవచ్చు. రేడియేటర్ చుట్టూ డక్టింగ్ ఖాళీలు ఫోముతో మూసేయండి. గాలికి పక్కనుంచి దారి ఉంటే రేడియేటర్‌లోంచి వెళ్లదు. బంపర్ కింద ఉండాల్సిన అండర్‌ట్రే చాలా బండ్లలో కనిపించదు. అది లేకపోతే హైవే మీద కూడా వేడెక్కుతుంది.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఫ్యాక్టరీది చాలా చిన్నది, మార్చక తప్పదు. రేడియేటర్ ముందు పెద్ద ఫ్రంట్-మౌంట్ పెడితే ఇన్‌టేక్ గాలి చల్లబడుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కుతాయి. ట్రాక్ ఉద్దేశం ఉంది కనుక వీ-మౌంట్ (ఇంటర్‌కూలర్, రేడియేటర్ రెండిటినీ V ఆకారంలో వాల్చి పెట్టడం) మేలు, రెండిటికీ విడివిడిగా గాలి అందుతుంది. ఆయిల్ కూలర్ ఒక్కటే ఉంటే రెండోది కూడా పెట్టండి. ఈ ఇంజిన్లో రోటర్లని చల్లబరిచేది ఆయిలే.

తొమ్మిదివేల_వరకు

టర్బో ప్రశ్నకి నా జవాబు: 350 నిజంగా కావాలంటే సింగిల్. 300 చుట్టూ చాలనుకుంటే ట్విన్లే ఉంచండి, కింద ఆర్పీఎంలో వాటి స్పందన సింగిల్ ఇవ్వలేదు. ఫ్యాక్టరీ ట్విన్ల మీద 1 బార్ దాటిస్తే అవి తోసేది గాలికన్నా వేడే ఎక్కువ. ఆ 50 హార్స్‌పవర్ కోసం ఇంజిన్‌ని రోజూ అంచు మీద నడపడం నాకు సమ్మతం కాదు.

సింగిల్‌కి బోర్గ్‌వార్నర్ ఈఎఫ్ఆర్ 7670 ఈ అంకెకి సరిగ్గా సరిపోతుంది. 8374 పెద్దది, 400 దాటాలనుకునేవాళ్లకి. వేస్ట్‌గేట్ విషయంలో పిసినారితనం వద్దు. రోటరీ ఎగ్జాస్ట్ వేడి, వేగం రెండూ ఎక్కువ, గేటు చిన్నదైతే మళ్లీ అదే బూస్ట్ క్రీప్.

పెట్రోల్ లెక్క ఒకసారి వేసుకోండి. చక్రాల దగ్గర 350 అంటే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (రోటర్లు తిప్పే ప్రధాన ఇరుసు) దగ్గర దాదాపు 410. టర్బో రోటరీకి ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పడుతుంది, అంటే 2580 సీసీ. ఇంజెక్టర్లు 85 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయం వాటా) దాటకూడదనుకుంటే 3040 సీసీ సామర్థ్యం కావాలి. ఫ్యాక్టరీవి నాలుగూ కలిపి 2800. కాబట్టి సెకండరీల్లో 1300 సీసీకి తక్కువ కాకుండా వేయండి, మొత్తం 3700 అవుతుంది, ఊపిరి మిగులుతుంది. గంటకి 255 లీటర్ల పంపు, దానికి బ్యాటరీ నుంచి నేరుగా రిలే వైరింగ్. పాత సన్న తీగ మీద కొత్త పంపు పెడితే వోల్టేజీ పడిపోయి పాత పంపు అంత కూడా పోయదు.

ట్యూనింగ్‌లో పూర్తి బూస్ట్ దగ్గర ఏఎఫ్ఆర్ (పెట్రోల్‌కి గాలి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 11 చుట్టూ ఉంచమనండి, లీడింగ్-ట్రెయిలింగ్ స్ప్లిట్ (ఒక్కో రోటర్‌కున్న రెండు ప్లగ్గులు వెలిగే మధ్య తేడా) కనీసం 10 డిగ్రీలు. డైనో (హార్స్‌పవర్ కొలిచే యంత్రం) మీద చివరి 15 హార్స్‌పవర్ కోసం టైమింగ్ పెంచబోతే ఆపేయండి. ప్లగ్గులు నాలుగూ ఎన్‌జీకే 9 హీట్ రేంజి (అంకె పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్గు). ఫ్యాక్టరీలో లీడింగ్‌కి 7 ఉంటుంది, పెంచిన బూస్ట్‌కి అది వేడెక్కువ.

బెంచ్_13బీ

ఆయిల్ మీటరింగ్ పంపు గురించి ఎవరూ చెప్పలేదు. పనిచేస్తుంటే ఉంచేయండి. అదిచ్చేది సంపులోని ఆయిల్, కొంచెం బూడిద మిగులుతుంది, నిజమే. అయితే ప్రీమిక్స్ (పెట్రోల్లో ఆయిల్ కలపడం) మరిచిపోయిన ఒక్క ట్యాంకు అపెక్స్ సీల్స్‌ని ఎండబెడుతుంది, పంపు అలా మరిచిపోదు. మధ్యేమార్గం బాగుంటుంది: పంపు ఉంచి, లీటరు పెట్రోల్‌కి 4 మి.లీ. మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. పంపు పూర్తిగా తీసేస్తే లీటరుకి 8 మి.లీ. ముందు ఆయిల్ పోసి, తర్వాత పెట్రోల్ కొట్టించండి, దానంతటదే కలుస్తుంది. కొత్త ఈసీయూ ఎంచుకునేటప్పుడు ఈ పంపుని నడపగలదో లేదో అడగండి, అన్నీ నడపలేవు.

కలబండి_93

అందరికీ ధన్యవాదాలు. డ్యాంపర్ స్క్రూ చుట్టూ తడిగానే ఉంది, మార్చేశాను. హోసులు, ఇంజెక్టర్లు, ఎయిర్ సెపరేటర్ ట్యాంకు అయ్యాయి. ఆయిల్ వేసి తిప్పి, ఇంజిన్ చల్లగా ఉండగా రోటరీ టెస్టర్‌తో చూస్తే 250కి సరిచేసిన అంకెలు ఇవి:

ముందు రోటర్ 7.9, 7.8, 7.9
వెనక రోటర్ 7.6, 5.7, 7.5

వెనక రోటర్లో అపెక్స్ సీల్ పోయినట్టేనా?

బెంచ్_13బీ

అపెక్స్ సీల్ కాకపోవచ్చు. ఒక్కో అపెక్స్ సీల్ రెండు ముఖాల మధ్య గోడ. అది పోతే పక్కపక్కనున్న రెండు అంకెలూ పడతాయి. మీకు పడింది ఒక్కటే. ఇలా ఒకే ముఖం తగ్గితే అనుమానించాల్సింది ఆ ముఖం సైడ్ సీల్‌ని, అంటే రోటర్ పక్క అంచున ఉండే సీల్‌ని. ఆగిన బండిలో కార్బన్‌కి, తుప్పుకి గాడిలో అతుక్కుపోయి, స్ప్రింగు తోసినా బయటికి రాదు.

ఒక హెచ్చరిక: లోపల ఆయిల్ తడి ఉండగా తీసిన అంకెలు అసలుకన్నా కాస్త ఎక్కువ చూపిస్తాయి. 7.9ని ఇంకా నమ్మొద్దు.

ఇప్పుడే ఇంజిన్ దించనక్కర్లేదు. వెనక రోటర్ ఛాంబర్లలోకి ప్లగ్ రంధ్రం గుండా కొద్దిగా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) వేసి, చేత్తో కొంచెం తిప్పి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్గుల్లేకుండా సెల్ఫ్ కొట్టి మిగిలింది బయటికి పోనివ్వండి. స్టార్టయ్యాక తెల్లటి పొగ చాలాసేపు వస్తుంది, అది ఏటీఎఫ్‌ది. కూలెంట్ పొగ కాదని తేల్చుకోవడానికి సిస్టంని రేడియేటర్ మూత రేటింగు దాకా, అంటే 0.9 బార్‌కి, పంపు చేసి కొన్ని గంటలు చూడండి. ముల్లు దిగి, బయటెక్కడా తడి లేకపోతే నీళ్లు లోపలికి పోతున్నట్టు.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 2500 ఆర్పీఎం దగ్గర పట్టుకుని, వ్యాక్యూమ్ నిపుల్‌కి సన్న హోసు తగిలించి డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా పీల్చనివ్వండి. ఇంజిన్ తడబడితే హోసు నొక్కి ఆపండి. గబగబా పోయకూడదు. ఆ ఆవిరి కార్బన్‌ని విడగొడుతుంది. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి, పాత ఆయిల్లో పెట్రోల్, ఏటీఎఫ్ కలిసి ఉంటాయి. బూస్ట్ ఎక్కించకుండా కొన్ని వారాలు నడిపి, వేడి ఇంజిన్ మీద మళ్లీ టెస్ట్ చెయ్యండి.

వెనక అంకె 7 దాటి, తేడా 1లోపుకి వస్తే సీల్ విడిచినట్టే. ఈసీయూ, ఫ్యూయల్ పనులు మొదలుపెట్టొచ్చు. 6 దగ్గరే ఉండిపోతే టర్బో కొనకముందే ఇంజిన్ దించండి. విప్పాక చూడాల్సినవి: సైడ్ ప్లేట్ల మీద సీల్ గీసిన మెట్టు 0.10 మి.మీ. మించకూడదు, వంపు 0.04 లోపుండాలి. సైడ్ సీల్ చివరకి, కార్నర్ సీల్‌కి మధ్య 0.05 నుంచి 0.15, ఇది ఒక్కో సీల్‌ని ఫైలుతో అరగదీసి కూర్చోబెట్టే పని, పెట్టెలోంచి తీసి పెట్టేది కాదు. రోటర్ హౌసింగుల క్రోమ్ అంచుల దగ్గర, ప్లగ్ రంధ్రాల చుట్టూ లేచిందేమో గోరుతో తడిమి చూడండి. లేచిన హౌసింగ్ మీద కొత్త సీల్స్ వేస్తే అవి త్వరగానే అరుగుతాయి. టెన్షన్ బోల్టులు వరసక్రమంలో, మూడు నాలుగు విడతల్లో 32–39 న్యూటన్ మీటర్లకి బిగించాలి. ముందు కవర్ వెనకుండే ఆయిల్ ఓ-రింగ్ కొత్తది వేయండి, అది చిట్లితే వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, కారణం మాత్రం బయటికి కనబడదు.

తొమ్మిదివేల_వరకు

ఒక్కటి కలుపుతాను. టెస్టుల కోసం స్టార్ట్ చేసినప్పుడల్లా ఇంజిన్ వేడెక్కేదాకా ఆపకండి. చల్లగా ఉండగా స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపితే మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు ఫ్లడ్ అవుతుంది, అంటే ఛాంబర్లలో పెట్రోల్ ఎక్కువైపోతుంది. ఆ పెట్రోల్ హౌసింగ్ మీది ఆయిల్ పొరని కడిగేసి మీ కంప్రెషన్ అంకెల్ని ఉత్తుత్తినే దించేస్తుంది. ఫ్లడ్ అయితే ఈజీఐ ఫ్యూజు తీసి పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టండి, ప్లగ్గులు ఆరబెట్టి, చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ మొదలుపెట్టండి.