గోదావరి వరద నీళ్ళని పైపులేసి కరువు సీమకీ, ఎడారికీ తీసుకుపోలేమా?

చీనీతోట_అబ్బాయి (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ నమస్తే. తిక్క ప్రశ్న అనిపిస్తే తిట్టుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, నేను బెంగళూరొచ్చి తొమ్మిదేళ్ళయింది. 2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్‌లో రెండు బోర్లూ ఎండిపోయి పొద్దున ఐదింటికే వాట్సాప్ గ్రూపులో "ట్యాంకర్ వచ్చిందా" అని మెసేజులు మొదలయ్యేవి, సరిగ్గా అదే వారం మా నాయన ఫోన్ చేసి చీనీ (బత్తాయి) చెట్లు వాడిపోతాండాయి ట్యాంకర్‌కి డబ్బులు పంపు అన్నాడు, అంటే ఒకే నెలలో ఇక్కడ స్నానానికీ అక్కడ చెట్లకీ రెండు చోట్లా నీళ్ళు కొన్నా. అప్పట్నుంచి ఇది బుర్రలో తొలుస్తానే ఉంది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచింది, టీవీలో చూసినాం కదా, ఆ నీళ్ళన్నీ సముద్రం పాలే. క్రూడాయిల్, గ్యాస్ వేల కిలోమీటర్లు పైపుల్లో పోతాంటే నీళ్ళకేం రోగం? లిబియాలో గడాఫీ ఎడారిలో ఏకంగా నదినే పైపుల్లో పారించాడంట. మా టీంలో బార్మేర్ అబ్బాయి ఒకడున్నాడు, వాళ్ళ జిల్లాకి గుజరాత్ మీదుగా నర్మద నీళ్ళు వచ్చినాయంటాడు. మరి గోదావరి నుంచి అనంతపురానికో, ఇంకా పైకి రాజస్థాన్‌కో పైపేస్తే ఏమవుతుంది? పంపు, పైపు, కరెంటు, మూడే కదా. సోలార్ పెడితే కరెంటు కూడా ఫ్రీ. ఎక్కడ ఆగిపోతాంది ఇది? పార్టీల గొడవ వద్దు ప్లీజ్, లెక్క చెప్పండి.

పంపుల_పంతులు (పీణ్యా):

లెక్క కావాలన్నావు కాబట్టి వచ్చా తమ్ముడూ, పదిహేడేళ్ళుగా పంపుసెట్లతోనే నా కాపురం.

ముందు గోదావరి సంగతి. ఆ రోజు భద్రాచలం దగ్గర పారింది 24 లక్షల క్యూసెక్కులు, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఇప్పుడు నువ్వు 3 మీటర్ల పైపు వేశావనుకో, అంటే లోపల మనిషి నిలబడి చెయ్యెత్తినా పైకి అందనంత పైపు, అందులో నీళ్ళు సెకనుకి 2 మీటర్ల స్పీడుతో పోతాయనుకుందాం, మహా అయితే 500 క్యూసెక్కులు. ఆ వరదని పట్టుకోవాలంటే అలాంటివి 4,800 పైపులు పక్కపక్కన వెయ్యాలి. వేశాక ఏడాదిలో పట్టుమని పది రోజులు వాడి మిగతా రోజులు గబ్బిలాలకి అద్దెకివ్వాలి. వరద అంటే నాలుగు రోజుల పెళ్ళి, పైపుకేమో రోజూ వంట కావాలి. అందుకే పైపు కంటే ముందు రిజర్వాయర్ ఉండాలి, అది లేకుండా వరద నీళ్ళు పైపులో అనే మాటే లేదు.

సరే ఒక్క పైపే వేశాం, 365 రోజులు ఆపకుండా నడిపాం, ఏడాదికి 15, 16 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వస్తాయి. తక్కువేం కాదు. కానీ భద్రాచలం దగ్గర గోదావరి సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అనంతపురం టౌన్ 335. దాదాపు 300 మీటర్లు లేపాలి. ఇది కాక పైపు గోడల రాపిడి ఉంటుంది, నేను చెప్పిన పైపుకి కిలోమీటరుకి దగ్గర దగ్గర ఒక మీటర్ హెడ్ (అంటే నీళ్ళని అంత ఎత్తు లేపే బలం) అదే తినేస్తుంది, 500 కిలోమీటర్లకి 500 మీటర్లు. అంటే నేల చదునుగా ఉన్నా సరే నీళ్ళని కొండెక్కించినంత కరెంటు కాలుతుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

నువ్వు తాగే నీళ్ళే తీసుకో. కావేరి తొరెకాడనహళ్ళి నుంచి బెంగళూరుకి 100 కిలోమీటర్లు, సుమారు 500 మీటర్ల ఎత్తు, తొరెకాడనహళ్ళి, హారోహళ్ళి, తాతగుణి మూడు చోట్ల పంపులు. వెయ్యి లీటర్లు 500 మీటర్లు లేపడానికి పంపు నష్టాలతో కలిపి 1.8 యూనిట్లు వేసుకో. 2024 అక్టోబర్‌లో ఐదో స్టేజి మొదలయ్యాక మొత్తం కెపాసిటీ 2,225 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు), ఫుల్లుగా నడిస్తే నా లెక్కన రోజుకి 40 లక్షల యూనిట్లు. ఊరు కడుతుంది, ఎందుకంటే తాగేవాడు ట్యాంకర్‌కి అంతకు పదింతలు కూడా ఇస్తాడు. అదే నీళ్ళతో ఎకరా వరి పండించాలంటే 50 లక్షల లీటర్లు, 9,000 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలేసుకున్నా 54,000. వడ్లమ్మితే కరెంటు బిల్లు తీరుతుందేమో, పైపు ఖర్చు ఇంకా నేను లెక్కలోకే తీసుకోలేదు.

క్రూడ్ కథ వేరు. అది లీటరు ముప్పై నలభై రూపాయల సరుకు. పొలానికిచ్చే నీళ్ళకి వెయ్యి లీటర్లకి కూడా అంత రేటు రాదు. పైపు మాత్రం రెండింటికీ ఒకటే ఇనుము.

సోలార్ ఫ్రీ అన్నావు, ఎండ గట్టిగా ఉండేది ఐదారు గంటలు, అంటే రోజంతా తోలాల్సిన నీళ్ళు ఆ ఐదారు గంటల్లోనే తోలాలి, పైపూ పంపూ నాలుగింతలు పెద్దవి వెయ్యాలి. ఇంకొకటి, కరెంటు ఉన్నట్టుండి పోతే ఏమవుతుందో చూశావా? ఒక సైట్‌లో (ఏ సైటో అడక్కండి) రాత్రి ఒంటిగంటకి ట్రిప్ అయింది, పన్నెండు కిలోమీటర్ల లైన్‌లో ఉన్న నీళ్ళు వెనక్కి తిరిగొచ్చి ఎన్‌ఆర్‌వీకి (నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) కొట్టాయి, గంగాళాన్ని రోకలితో బాదినట్టు ఒకటే మోత, పంప్‌హౌస్ కిటికీ అద్దాలు అదిరాయి, ఒక పైపు అతుకు దగ్గర గాస్కెట్ ఊడిపోయి పొద్దున్నకి మోటార్లు మోకాల్లోతు నీళ్ళలో. ఇలాంటి దెబ్బని మింగడానికి సర్జ్ ట్యాంక్ పెట్టారు గానీ దాని వాల్వ్ ఎవడో మూసేశాడు. 500 కిలోమీటర్ల లైన్‌కి ఇలాంటి వాల్వ్‌లు వేలల్లో ఉంటాయి.

టీనగర్_తెలుగోడు (చెన్నై):

పంతులు గారి లెక్క బాగుంది. 15 టీఎంసీ అనగానే నవ్వొచ్చింది, మా చెన్నైకి కృష్ణ నీళ్ళు రాసిచ్చింది కూడా సరిగ్గా అంతే. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 ఇస్తామన్నారు, దారిలో ఆవిరీ ఇంకుడూ 3 పోను తమిళనాడు బోర్డర్లో 12. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ఒప్పందం చేసుకున్నారు, చెన్నై దగ్గర పూండి రిజర్వాయర్‌కి మొదటి నీళ్ళు వచ్చేసరికి 1996. శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, సోమశిల, కండలేరు, అక్కడ్నుంచి ఊత్తుకోట మీదుగా పూండి. ఇది పైపు కాదు తెరిచిన కాలువ, వాలు మీద పారుతుంది కాబట్టి కరెంటు గోల తక్కువ, కానీ తెరిచిన కాలువ అంటే దారిలో ఉన్న ప్రతి పొలం మోటారుకీ విందే. చాలా ఏళ్ళు 12 రానేలేదు. గట్లు కూలి నీళ్ళు ఇంకిపోతుంటే 2000ల మొదట్లో సత్యసాయి ట్రస్టు వాళ్ళు కండలేరు పూండి కాలువకి లైనింగ్ చేయించాక కాస్త మెరుగు.

పైపు కూడా మాకుంది, వీరాణం. కడలూరు జిల్లా చెరువు నుంచి 235 కిలోమీటర్లు, 2004 నుంచి నడుస్తోంది, 180 ఎంఎల్‌డీ. కానీ చెరువులో నీళ్ళుంటేనే పైపులో నీళ్ళు, ఆ చెరువు కావేరి మీద ఆధారం, కావేరికి మేట్టూరు డ్యామ్, మేట్టూరుకి కర్ణాటక. మీ బెంగళూరోళ్ళు కుళాయి తిప్పితే మాకిక్కడ భయం 😄

2019 జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు వచ్చినప్పుడు విల్లివాక్కం వెళ్ళి చూశా. 50 వ్యాగన్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. జనం సెల్ఫీలు దిగారు, వ్యాగన్‌కి దండ వేశారు. పంతులు గారి లెక్కన చూస్తే రైలంతా కలిపి అరెకరం వరి! ఆ నెల మా ఇంట్లో బట్టలుతికిన నీళ్ళు బకెట్లో పట్టి బాత్రూంలోకి, బియ్యం కడిగిన నీళ్ళు తులసికోటకి. ఆ తర్వాత ఇంకో డీశాలినేషన్ (సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే) ప్లాంట్ వేశారు, నెమ్మెలిలో 150 ఎంఎల్‌డీ, 2024లో మొదలైంది. వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్లు లాగుతుంది, కానీ పంతులు గారూ మీరే చెప్పండి, మీ గోదావరి పైపులో 800 మీటర్ల హెడ్ అంటే దాదాపు అంతే కదా? సముద్రం పక్కనున్న ఊరికి అంత దూరం పైపు దేనికి?

పంపుల_పంతులు (పీణ్యా):

@టీనగర్_తెలుగోడు అవును, 2.9 యూనిట్లు వస్తుంది, సముద్రం ఒడ్డున డీశాలినేషనే నయం. అనంతపురానికి సముద్రం లేదు కాబట్టి పిల్లోడి ప్రశ్న అలాగే ఉంది.

సూరత్‌గఢ్_సుబేదార్ (కృష్ణరాజపురం):

రాజస్థాన్ అన్నారు కాబట్టి ఒక మాట. మాది చిత్తూరు జిల్లా, సర్వీసులో ఆరేళ్ళు సూరత్‌గఢ్, బికనీర్ వైపే ఉన్నాను. అక్కడికి నీళ్ళు కొత్తగా రావక్కర్లేదు బాబూ. బికనీర్ మహారాజా గంగాసింగ్ 1927లోనే సత్లజ్ నుంచి గంగ కెనాల్ తెచ్చాడు, ఆ తర్వాత 1958లో శంకుస్థాపన చేసిన రాజస్థాన్ కెనాల్ ఉంది, ఇప్పుడు ఇందిరాగాంధీ నహర్ అంటారు. పంజాబ్‌లో హరికే దగ్గర మొదలై 649 కిలోమీటర్లు, జైసల్మేర్ జిల్లా దాకా. మీ బార్మేర్ దోస్తు చెప్పిన నర్మద కూడా కాలువే, గుజరాత్‌లో 458, రాజస్థాన్‌లో 74 కిలోమీటర్లు, 2008లో వచ్చింది. ప్రధాన కాలువలన్నీ వాలు మీదే, సత్లజ్ కాలువలకైతే హిమాలయం ఎత్తులో ఉంది, ఎడారి పల్లంలో ఉంది, దేవుడే పంపు పెట్టాడు. గోదావరిని అక్కడికి పైపులో ఎక్కించడమంటే ఇంటి పక్కన కొట్టు వదిలేసి కాశీకి పోయి ఉప్పు తెచ్చుకోవడమే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నేనున్న చోట హనుమాన్‌గఢ్ వైపు పోతే రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు నిలిచిన పొలాలు, చచ్చిన చెట్లు, నేలంతా తెల్లగా ఉప్పు. దాన్ని వాళ్ళు సేమ్ అంటారు. ఎడారి ఇసుక కింద గట్టి జిప్సం పొర ఉంటే పైన పెట్టిన నీళ్ళు కిందికి దిగక మళ్ళీ పైకే వచ్చి ఉప్పు తెస్తాయి. మా మెస్సుకి పాలు తెచ్చే అతను చెప్పేవాడు, తాత కాలంలో నీళ్ళు లేక ఊరు వదిలాం, నాయన కాలంలో నీళ్ళెక్కువై వదిలాం అని. ఆ తర్వాత నర్మద వచ్చిన చోట తెలివి తెచ్చుకుని స్ప్రింక్లర్ ఉంటేనే నీళ్ళు అని రూలు పెట్టారు, మంచి పని.

ప్రతి ఎండాకాలం రిపేర్లకి కాలువ ఆపుతారు, బందీ అంటారు. అది తెలుసు కాబట్టి చాలామంది రైతులకి పొలంలో డిగ్గీ ఉంటుంది, మన ఫారం పాండ్ లాంటిదే, బందీకి ముందే నింపుకుంటారు. నీళ్ళెక్కడ్నుంచి వచ్చాయన్నది తర్వాత, వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఏముందని అక్కడ అడుగుతారు.

కోలార్_గంగప్ప:

లిబియా గురించి ఎవరూ సరిచెయ్యలేదే. అది నది కాదు గురూ, పేరుకే నది. సహారా కింద వేల ఏళ్ళ నాటి నీళ్ళుంటే బోర్లేసి తోడి 4 మీటర్ల సిమెంట్ పైపుల్లో తీరానికి తోలినారు, బెంగాజీకి 1991లో, ట్రిపోలీకి 1996లో. వానతో మళ్ళీ నిండే నీళ్ళు కావు అవి. మా కోలార్‌లో వెయ్యి అడుగులు దాటిన బోర్లలాగే, కాకపోతే పెద్ద సైజు.

నిజంగా నది నీళ్ళని పైపులో ఎడారికి తోలింది చూడాలంటే ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ చూడు. పెర్త్ పక్కన డ్యామ్ కట్టి 530 కిలోమీటర్లు ఇనప పైపు, ఎనిమిది స్టీమ్ పంప్ స్టేషన్లు, 1903లో నీళ్ళు చేరినాయి. డిజైన్ చేసిన ఓకానర్ అనే ఇంజనీర్ని పేపర్లోళ్ళు తిట్టి తిట్టి పెట్టినారు, ఆయప్ప నీళ్ళు చేరక ముందే 1902లో కాల్చుకుని చచ్చిపోయినాడు. అప్పట్లో వచ్చేది 23 ఎంఎల్‌డీయే, కానీ అది బంగారు గనుల ఊరు, ఎంతైనా కడతారు. సరిగ్గా అదే 1902లో మా కేజీఎఫ్‌కి శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, మాదీ గనుల ఊరే కాబట్టి. బంగారం ఉన్న చోటికి నీళ్ళూ కరెంటూ రెండూ నడుచుకుంటా వస్తాయి, రాగులు పండే చోటికి రావు.

మాకు పైపులో ఏమొచ్చిందో తెలుసా? బెంగళూరు మురుగు. కేసీ వ్యాలీ అనే స్కీము, మురుగుని శుద్ధి చేసి 440 ఎంఎల్‌డీ లెక్కన 126 చెరువులు నింపాలని ప్లాను, 2018లో నీళ్ళు వదిలినారు. మొదట్లో లక్ష్మీసాగర చెరువులో నురగ చూసి మా అమ్మ ముక్కు మూసుకునింది. ఇంకో రౌండు శుద్ధి చెయ్యండని ఇప్పటికీ అడగతానే ఉండాము. కానీ ఉండేది ఉన్నట్టు చెప్పల్ల, నరసాపుర పక్కన మా మామోళ్ళ బోరు పదేళ్ళ తర్వాత నీళ్ళు పోసింది, టమోటా పెట్టినారు. తినేదానికి మనసొప్పక కొన్నాళ్ళు ఊర్లో ఎవరూ ఆ టమోటా కొనలేదు, అంతా మీ బెంగళూరు మార్కెట్టుకే వచ్చింది. మీ నీళ్ళు మీకే 😂

చీనీతోట_అబ్బాయి (మారతహళ్ళి):

బాబోయ్, ఇన్ని జవాబులు అనుకోలే. థాంక్స్ అందరికీ, కోలార్ అన్నా టమోటా గురించి చెప్పకుండా ఉండాల్సింది. మా పక్కకి హంద్రీనీవా కాలువ ఉంది, మల్యాల నుంచి లిఫ్టు మీద లిఫ్టు పెట్టి 2012లో జీడిపల్లి దాకా కృష్ణ నీళ్ళు తెచ్చినారు, కానీ మా పొలం దాకా పిల్ల కాలువ రాలే.

రాత్రి నాయనకి ఫోన్ చేసి 4,800 పైపుల లెక్క, రాజస్థాన్ ఉప్పు అంతా చెప్పినా. ఓపిగ్గా విన్నాడు. "సర్లేరా, ట్యాంకర్ వానికి ఫోన్‌పే చేసినావా లేదా" అన్నాడు. మావి 300 చెట్లు, ఎండాకాలం చెట్టుకి రోజుకి 100 లీటర్లు, ట్రాక్టర్ ట్యాంకర్ 5,000 లీటర్లు, అంటే రోజుకి ఆరు ట్రిప్పులు. మూడు నెలలకి 27 లక్షల లీటర్లు, ఒక నీళ్ళ రైలు కంటే కొంచెం ఎక్కువ!!

సుబేదార్ గారూ, ఆ డిగ్గీ సంగతి ఇంకొంచెం చెప్పండి. మాకు వాన వచ్చేదే నాలుగు రోజులు, వచ్చినప్పుడు వంక పొంగి పొలం మీదుగానే పోతుంది. ప్లాస్టిక్ షీట్ వేసిన ఫారం పాండ్ తవ్విస్తే ఎండాకాలం దాకా నీళ్ళు నిలుస్తాయా, ఎండకి ఆవిరి కావా?

సూరత్‌గఢ్_సుబేదార్ (కృష్ణరాజపురం):

సగం ఆవిరైనా ట్యాంకర్లు సగం తగ్గుతాయి కదా బాబూ. వెడల్పు తగ్గించి లోతు పెంచండి, ఎండ తగిలే పైభాగం చిన్నదవుతుంది. షీట్ 500 మైక్రాన్‌కి తగ్గొద్దు. చుట్టూ కంచె ముందే వేయించండి, మా ఊళ్ళో ఒకరు తర్వాత వేద్దామనుకుంటే ఒక్క రాత్రిలో అడవిపందులు దిగి షీట్ మొత్తం చింపేశాయి. లోపలికి ఒక తాడు నిచ్చెన కూడా వేలాడదీయండి, తడిసిన షీట్ మీద కాలు జారితే పట్టు దొరకదు.