రొయ్యల వలలో పడ్డ లాబ్‌స్టర్లు: చిన్నవీ, గుడ్లతో ఉన్నవీ అమ్మనివ్వాలా?

హార్బర్_లెక్కలు (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా నాన్నకి ఒక సోనా బోటు (వల లాగే మర బోటు) ఉంది. లెక్కలు నేనే రాస్తాను. మా బోటు వెళ్లేది రొయ్యలకి. లాబ్‌స్టర్ కోసమని మేం ఎప్పుడూ వల వెయ్యలేదు. కానీ బురద నేల మీద వల లాగినప్పుడు రొయ్యలతో పాటు ఒకటో రెండో, ఒక్కోసారి పదో పన్నెండో అవే వచ్చి పడతాయి.

పోయిన ట్రిప్పులో పదకొండు వచ్చాయి. తడి గోనె కప్పి టబ్బులో తెచ్చారు. నేనే ఒక్కొక్కటీ తూకం వేశాను. ఐదు 300 గ్రాములు దాటాయి. కంపెనీ ఏజెంటు అవి మాత్రం ఏరుకున్నాడు. నాలుగు బాగా చిన్నవి, ఒకటైతే 140 గ్రాములే. మిగతా రెండూ గుడ్లతో ఉన్న ఆడవి. అందులో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. తోక గట్టిగా ముడుచుకుని ఉంది. వేలితో మెల్లగా విప్పితే కింద నారింజ రంగు గుడ్లు, గసగసాల్లా గుత్తులు గుత్తులుగా. ఇంకా ప్రాణంతోనే ఉంది, మీసాల మొదట్లో కిర్రు కిర్రుమని చప్పుడు చేస్తోంది. పక్కనున్నాయన "బ్రష్‌తో తోమేస్తే గుడ్ల సంగతి ఎవరికీ తెలీదమ్మా" అన్నాడు. చిన్నవాటినీ వీటినీ కలిపి ఒక హోటల్ మనిషి పట్టుకుపోయాడు. పెద్దవాటి రేటులో మూడో వంతు కూడా ఇవ్వలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాగని "సముద్రంలో పారెయ్యండి" అని కళాసీలకి చెప్పడం కూడా నావల్ల కాదు. మా బోటు మీద లాబ్‌స్టర్ డబ్బు ఓనరు ముట్టుకోడు, అది కళాసీల వాటా. మా నాన్న బోటు కొన్నప్పటి నుంచి అదే వాడుక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ అయితే వాళ్ల ఇళ్లల్లో ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

నా ప్రశ్న ఇది. ఇలా తోడుగా పడ్డవాటి అమ్మకానికి రూలు పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి? బోటు మీదా, జెట్టీ దగ్గరా, కొనేవాడి దగ్గరా? అసలు మాలా వల లాగే బోట్లు లాబ్‌స్టర్ అమ్మనే కూడదు అంటే న్యాయమేనా?

ప్యాకింగ్_సెక్షన్

చెల్లీ, నేను సీఫుడ్ కంపెనీలో 17 ఏళ్లుగా గ్రేడింగ్ చేస్తున్నాను. మీ ఏజెంటు ఐదే ఎందుకు తీసుకున్నాడో చెప్తాను. 2003లో కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతికి కనీస బరువు పెట్టింది. ప్రాణంతో పంపేవాటికైతే మీకు దొరికే బురద రకం 300 గ్రాములు, రాళ్లల్లో ఉండే హోమారస్ 200, రంగురంగుల పెద్ద ఆర్నేటస్ 500. పొడుగు మీసాలు లేకుండా చదునుగా ఉండే రకం 150. అంతకన్నా తక్కువ ఉంటే మేం వెనక్కి పంపేస్తాం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ రూలు దేశం దాటే సరుకుకే. నేను ఉదయం వద్దన్న టబ్బు సాయంత్రానికి ఇక్కడే ఏదో హోటల్ వంటింట్లో ఉంటుంది. పిల్ల లాబ్‌స్టర్ చావు ఆగలేదు, దాని రేటు మాత్రం పడిపోయింది. కేరళ వాళ్లు 2015లో మొదట 14 రకాల సముద్ర జీవులకి కనీస సైజు పెట్టి, అంతకన్నా చిన్నవి ఒడ్డుకి తేవడమే నేరం చేశారు. తర్వాత ఆ జాబితా పెంచారు. రూలు ఉండాల్సిన చోటు జెట్టీ అని నా నమ్మకం.

ముంబైలో ఆ చదును రకం ట్రాలర్ వలల్లో బాగా పడేది. చిన్నా పెద్దా, గుడ్లున్నవీ లేనివీ అన్నీ అమ్ముకున్నారు. 1994కల్లా ఆ వేటే కుప్పకూలింది. వాళ్లు కూడా వేరేవాటి కోసమే వల వేశారు, మీలాగే.

పూడిమడక_వేట

తల్లీ, నువ్వు అడిగిన తీరు బాగుంది కాబట్టి రాస్తున్నాను. మాది పడవ వేట. లాబ్‌స్టర్ కోసం సాయంత్రం రాళ్ల పక్కన వల కట్టి తెల్లారగట్ల తీస్తాం. మీకు అది పైడబ్బు, మాకు అదే కూడు. 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మర బోట్లు వేటాడకూడదు. చీకట్లో ఎన్ని లోపలికి వస్తాయో మా తెగిన వలలు చూస్తే తెలుస్తుంది. మీ బోటని అనడం లేదు.

వల లాగే బోట్లకి లాబ్‌స్టర్ అమ్మకం పూర్తిగా ఆపాలి. అమ్ముకునే వీలుంటే "పొరపాటున పడింది" అంటూనే అవి ఉండే చోటే లాగుతారు. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. మా వలలో చుట్టుకున్న పిల్ల లాబ్‌స్టర్లని విడదీసేటప్పుడు కాళ్లు విరిగిపోతాయి, మేమూ వాటిని అమ్ముకుంటున్నాం. రూలంటూ వస్తే మాకూ పెట్టండి.

పోర్ట్‌లాండ్_మెయిన్

మీరు కోరిన పూర్తి నిషేధం మా రాష్ట్రంలో ఉంది బాబాయ్. అమెరికాలో లాబ్‌స్టర్‌కి పేరున్న మెయిన్‌లో బోనులు వేసి పట్టినవే ఒడ్డుకి తేవాలి. చేపల కోసం వల లాగే బోట్లకి పడ్డవి తిరిగి నీళ్లలో వదలాల్సిందే. పక్కనున్న మసాచుసెట్స్‌లో అలా కాదు. వల బోటు రోజుకి 100, ఐదు రోజులో అంతకన్నా ఎక్కువో ఉండే పెద్ద ట్రిప్పుకి గరిష్ఠంగా 500 అమ్ముకోవచ్చు.

దానివల్ల ఏమైందంటే, ఇక్కడి బోట్లు కొన్ని లాబ్‌స్టర్లు అమ్ముకోవడం కోసం మసాచుసెట్స్‌లోని గ్లోస్టర్ రేవుకి వెళ్లి, చేపలు కూడా అక్కడే దింపేశాయి. ఐసు, డీజిలు, వేలం అన్నీ అటే పోయాయి. వల బోట్లకీ అమ్మే హక్కు ఇద్దామని 2007లో, 2013లో బిల్లులు వచ్చాయి. బోను వేటగాళ్లు గట్టిగా ఎదురు తిరిగారు, అవి నెగ్గలేదు. వాళ్ల భయం కూడా బాబాయ్ చెప్పిందే.

ఒక సంగతి నాకు బాగా నచ్చింది. మా పక్కింటాయన బోను వేటగాడు. ఆయన దగ్గర చిన్న ఇత్తడి కొలబద్ద ఉంటుంది. కంటి గుంట నుంచి వీపు పెంకు చివరికి పెట్టి చూస్తాడు. మూడుంపావు అంగుళాల కన్నా తక్కువైతే నీళ్లలోకే. అయిదు అంగుళాలు దాటినా నీళ్లలోకే. గుడ్లతో ఉన్న ఆడది దొరికితే తోక రెక్కకి చిన్న గాటు పెట్టి వదిలేస్తాడు. తర్వాత గుడ్లు లేనప్పుడు దొరికినా, ఆ గాటు చూసి ఎవరూ అమ్మరు.

హార్బర్_లెక్కలు

అందరికీ చాలా థాంక్స్. బాబాయ్, 8 కిలోమీటర్ల మాట మా బోటు నడిపే సరంగుకి చదివి వినిపించాను. తల దించుకుని విన్నాడు.

పూర్తి నిషేధం మాత్రం నాకు ఇంకా మనసొప్పడం లేదు. వల మూడు నాలుగు గంటలు లాగుతాం. సంచిలో చేపల బరువు కింద నలిగి కొన్ని పైకి వచ్చేసరికే చచ్చిపోతాయి. చచ్చినదాన్ని పారేస్తే ఎవరికి మేలు? పెద్దవి లెక్క కట్టి అమ్ముకోనిచ్చి, ప్రాణంతో ఉన్న చిన్నవీ గుడ్లవీ బోటు మీద నుంచే వదిలేయాలి, జెట్టీ మీద కొన్నవాడికీ జరిమానా ఉండాలి. నాకు సరిగా అనిపించేది ఇదే. పైగా మా బోట్లు ఒడిశా దాకా వెళ్తాయి. ఇక్కడొక్కచోటే కట్టడి చేస్తే సరుకు పారాదీప్‌లో దింపుతారు. గ్లోస్టర్ సంగతి చదవగానే నాకు అదే తట్టింది.

ఈలోగా మా బోటు వరకు ఒకటి చేశాం. గుడ్లది వదిలితే దాని ధర నాన్న వాటాలోంచి కళాసీలకి ఇస్తాం. నాన్న మొదట కోప్పడ్డారు. లెక్క కాగితం ముందు పెడితే, ఒక్క రోజు డీజిలు ఖర్చులో అదెంత అని ఆయనే అన్నారు. ఈ ట్రిప్పులో మూడు వదిలామని సరంగు ఫోన్‌లో వీడియో చూపించాడు. మీసం పట్టుకుంటే ఊడిపోతుందని వీపు పట్టుకుని, విసరకుండా, బోటు పక్కన వంగి నీళ్లలో పెట్టాడు. తోకతో ఒక్క తన్ను తన్ని వెనక్కి వెనక్కి పోయింది.

సోమవారం బోటు ఓనర్లు కూర్చుంటున్నారు, నేనూ వెళ్తున్నాను. ప్యాకింగ్ అన్నా, ఆ గ్రాముల పట్టిక రకాల బొమ్మలతో సహా మీ దగ్గర ఉంటే ఫోటో పెట్టండి. పెద్దగా ప్రింట్ తీయించి తూకం దగ్గర అతికిస్తాను.