క్యారెక్టర్ డిజైనర్ కావాలంటే వైజాగ్ వదలాల్సిందేనా?

అక్కయ్యపాలెం అమ్మాయి:
ఏయూలో ఫైన్ ఆర్ట్స్ ఆఖరి ఏడాది. టీవీ యానిమేషన్ సీరీస్‌లకి క్యారెక్టర్ డిజైన్ చెయ్యాలని నా కోరిక. నాన్నేమో "హైదరాబాద్ పోయి ముందు ఏదో ఒక స్టూడియోలో దూరు" అంటున్నారు. మా సీనియర్ మాత్రం ఇంట్లో కూర్చుని నెట్‌లో బొమ్మలు పెడితే పని అదే వస్తుందంటోంది. పోర్ట్‌ఫోలియోలో 60 బొమ్మలున్నాయి. ఎవరి మాట వినాలి?

గాజువాక గురూ:
నాన్నగారి మాట విను తల్లీ. 2008లో పోగోలో ఛోటా భీమ్ మొదలెట్టిన గ్రీన్ గోల్డ్ ఎక్కడిది? హైదరాబాద్‌ది. మనూళ్లో ఏటుంది? సాఫ్ట్‌వేర్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోచింగులు, ఆ తర్వాత పెళ్లి వీడియోల ఎడిటింగు.

రుషికొండ రిమోట్:
2008 కబుర్లు ఇప్పుడెందుకు గురూ. హైదరాబాద్‌లో మాత్రం డిజైనర్‌కి ఏడాది పొడుగునా పనుంటుందా? ముఖ్య పాత్రలు తేలేదాకా హడావిడి. తర్వాత ఎపిసోడ్‌కో మిఠాయి కొట్టువాడు, ఒక దొంగ, హీరోకి వానాకాలం గొడుగు. సీజన్ అవ్వగానే "మళ్లీ పిలుస్తాం" అంటారు. ఆ ఖాళీ నెలల్లో అద్దె ఎవరు కడతారు? నేను మూడేళ్లుగా ఇక్కణ్ణుంచే చేస్తున్నాను. పంపేది పాత్రని అన్ని వైపులా గీసిన షీట్లే కదా.

మద్దిలపాలెం రిగ్గర్:
11 ఏళ్లు హైదరాబాద్‌లో రిగ్గింగ్, అంటే గీసిన బొమ్మ కదిలేలా కీళ్లూ పొరలూ అమర్చే పని, చేసి వచ్చినవాణ్ణి. ఊరి సంగతి తర్వాత. ఆ 60లో ఎన్ని బొమ్మలు వెనక్కి తిరగగలవమ్మా?

ఒకసారి మాకు ఒక జాలరి అవ్వ బొమ్మ వచ్చింది. గళ్ల చీర, భుజమ్మీద వల, చేతినిండా గాజులు, నెత్తిన చేపల గంప. టీమంతా చప్పట్లు. రిగ్ చెయ్యడానికి కూర్చుంటే ఏడుపొచ్చింది. చెయ్యి ఎత్తితే చంక దగ్గర గళ్లు విరిగిపోతాయి. వల ఒక పొర, దాని వెనక చెయ్యి, దాని వెనక పైట. ఏది కదిపినా ఇంకోటి పైకొస్తుంది. పక్కకి తిప్పితే గంప ఎంత లోతో గీసినవాడికే తెలీదు, ముందువైపు ఒక్కటే గీశాడు మరి. టీవీలో సెకనుకి 25 ఫ్రేములు. రెండు ఫ్రేములకో బొమ్మ చొప్పున చేత్తో గీసినా 11 నిమిషాల ఎపిసోడ్‌కి 8 వేలు దాటుతాయి. అన్ని గళ్లు ఎవడు గీస్తాడు? చివరికి గళ్లు పోయి అంచు మిగిలింది, వల పోయింది, గాజులన్నీ కలిసి ఒక మందపాటి కడియం అయ్యాయి. విచిత్రమేంటంటే, అవ్వ ఇంకా అవ్వలా కనబడింది.

డిజైనర్ గీసేది ఆ పాత్రని వేలసార్లు కదిపే వేరేవాళ్ల కోసం. అందుకే ముందు, ముప్పావు (ముందుకీ పక్కకీ మధ్య), పక్క, వెనక అన్నీ కావాలి. కోపం, ఏడుపు, మాటకి తగ్గ పెదాలు కావాలి. అందరూ వరసలో నిలబడితే ఎవరి తల ఎవరి భుజందాకా వస్తుందో కొలత కావాలి. ఇవి తిట్లు తింటేగానీ రావు. రెండేళ్లు స్టూడియోలో తిని రా, తర్వాత వైజాగ్ ఎక్కడికీ పోదు.

అన్నట్టు, చెక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఒకసారి వెళ్లు. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగానే, కళ్లూ ముక్కూ పెట్టకముందే, అది రాజో రాణో తెలిసిపోతుంది.

రుషికొండ రిమోట్:
తిట్లు వీడియో కాల్‌లోనూ తినొచ్చన్నా. కానీ ఒకటి ఒప్పుకుంటాను: మొదటి ఏడాది నా షీట్లు ఏ రిగ్గర్ చేతికి వెళ్తున్నాయో తెలిసేది కాదు, మారిపోయిన బొమ్మని టీవీలోనే చూసేవాణ్ణి.

ఇంకో సంగతి, కాగితం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో గీసింది యజమానిది. బయటినుంచి గీస్తే సాధారణంగా నీదే, నువ్వు రాసిచ్చేదాకా. నేను చదవకుండా సంతకం పెట్టాను. నా ఉడుత స్కూలు బ్యాగులకెక్కింది, నాకు పైసా రాలేదు.

గాజువాక గురూ:
ఆ ఉడుత నీదేనేటి! మా బుడ్డోడి బ్యాగు మీద ఉంది.

అక్కయ్యపాలెం అమ్మాయి:
60లో 43 ఒక వైపువే, తీసేశాను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసే ఒకాయన్ని చూసి నాలుగు వైపులా గీసి కింద పెట్టాను. పరీక్షలయ్యాక హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ అడుగుతాను. నాన్నకింకా చెప్పలేదు, చెప్తే తనే గెలిచానంటారు.

మద్దిలపాలెం రిగ్గర్:
చూశానమ్మా. ముందు బొమ్మలో తువ్వాలు ఎడమ భుజమ్మీద ఉంది. ఆయన వెనక్కి తిరిగేసరికి కుడి భుజానికెలా పోయింది?