ఔషధ ప్రోటీన్ల శుద్ధికి స్ఫటికీకరణ ఒక్కటే ఎందుకు చాలదు?

ప్రశ్న (బల్క్ డ్రగ్ కెమిస్ట్):
నమస్కారం. నేను హైదరాబాదులో బల్క్ డ్రగ్స్ తయారీలో పనిచేస్తున్నాను. మా దగ్గర చివరి శుద్ధి అంటే చాలావరకు స్ఫటికీకరణే. వేడి ద్రావణాన్ని మెల్లగా చల్లార్చి, సమయం చూసి సీడింగ్ చేసి (చిన్న స్ఫటికాలను విత్తనాల్లా వేసి), వచ్చిన స్ఫటికాలను సెంట్రిఫ్యూజ్‌లో వడగట్టి కడిగితే మలినాలు మదర్ లిక్కర్‌తో (స్ఫటికాలు పోగా మిగిలిన ద్రావణంతో) పాటు వెళ్ళిపోతాయి. ఈ మధ్య బయోలాజిక్స్ (జీవకణాల్లో తయారయ్యే ప్రోటీన్ల వంటి మందులు) గురించి చదువుతుంటే అక్కడ ఒకదాని వెనుక ఒకటి క్రోమటోగ్రఫీ కాలమ్‌లే (ద్రావణాన్ని పంపి అణువులను విడదీసే, రెసిన్ నింపిన గొట్టాలే) కనబడుతున్నాయి. ఆ రెసిన్ల ఖరీదు తెలిసినవారికి ఇది వింతగానే ఉంటుంది. ఇన్సులిన్‌ను 1926లోనే జాన్ జాకబ్ ఏబెల్ స్ఫటికాల రూపంలో తీశారు కదా, మరి ఆ దారిలో మిగతా ప్రోటీన్లు ఎందుకు నడవలేదు?

సమాధానం 1 (ప్రోటీన్ శుద్ధి విభాగం):
ఇన్సులిన్ తయారీలో స్ఫటికీకరణ ఇప్పటికీ ఉంది. అయితే అక్కడ అది చేసే పని మీరు అనుకుంటున్నది కాదు. ఏబెల్ తరువాత కొన్నేళ్ళకు, 1934లో, టొరాంటోలో డి.ఎ. స్కాట్ ఈ స్ఫటికాలు ఏర్పడడానికి జింక్ వంటి లోహం అవసరమని చూపారు. ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్లను పట్టుకుని ఒక గుత్తిగా చేరతాయి, ఆ గుత్తులే వరుసగా పేరుకుని స్ఫటికమవుతాయి. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఈ నిర్మాణాన్ని వెల్లడించింది. మన దేశానికి చెందిన ఎం. విజయన్ గారు కూడా ఆ బృందంలో పనిచేశారు.

అసలు చిక్కు ఆ తరువాత బయటపడింది. పశువుల, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్‌ను మళ్ళీ మళ్ళీ స్ఫటికీకరించి, ఇక ఇంతకంటే శుద్ధమైనది ఉండదని అనుకుంటున్న రోజుల్లో, 1967లో డొనాల్డ్ స్టైనర్ ప్రోఇన్సులిన్‌ను (ఇన్సులిన్‌గా మారకముందరి పెద్ద అణువును) కనుగొన్నారు. ఆ స్ఫటికాలను కరిగించి జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో (అణువులను పరిమాణాన్ని బట్టి విడదీసేది) నడిపితే ఇన్సులిన్ కంటే పెద్ద అణువులు ముందుగా బయటకు వచ్చాయి, వాటిలో ప్రోఇన్సులిన్ ఉంది. అది కూడా జింక్‌తో అలాంటి గుత్తినే కట్టగలదు కాబట్టి స్ఫటికంలో చోటు సంపాదించుకుంటుంది. ఆస్పరాజిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం దగ్గర అమైడ్ గుంపు ఊడిపోయిన ఇన్సులిన్‌దీ ఇదే కథ. 1970లలో మరింత శుద్ధమైన ఇన్సులిన్ మార్కెట్లోకి రావడానికి అయాన్ ఎక్స్‌ఛేంజ్ (అణువులను విద్యుదావేశాన్ని బట్టి విడదీసేది) వంటి కాలమ్‌లే కారణం. ఇప్పుడు సాధారణంగా కాలమ్‌లతో శుద్ధి పూర్తయ్యాక, సేంద్రియ ద్రావణిని వదిలించుకుని నిల్వకు అనువైన పొడిని తీయడానికి జింక్‌తో స్ఫటికీకరిస్తారు.

సమాధానం 2 (ప్రాసెస్ డెవలప్‌మెంట్):
పై సమాధానం సరైనదే, కానీ దాన్నిబట్టి స్ఫటికీకరణను పూర్తిగా తీసిపారేయకూడదు. దగ్గరి పోలిక ఉన్న మలినాలను అది విడదీయలేదన్నది నిజమే, అయితే ఆకారంలో, విద్యుదావేశంలో పొంతనలేని ఆతిథేయ కణ ప్రోటీన్లను (మందును తయారుచేసే కణాల సొంత ప్రోటీన్లను) బాగానే బయట వదిలేస్తుంది. గ్లూకోజ్ ఐసోమరేజ్ ఎంజైమును పారిశ్రామిక స్థాయిలో ఇలాగే శుద్ధి చేస్తారు. ఒక షరతు మాత్రం ఉంది. ద్రావణంలో ఆ ప్రోటీన్ గాఢత ఎక్కువగా ఉండాలి, మిగతావాటి వాటా తక్కువగా ఉండాలి.

మీ రంగంతో పోల్చేటప్పుడు ఇంకో తేడా గమనించండి. ప్రోటీన్ స్ఫటికంలో సుమారు సగం ద్రావణమే ఉంటుంది, అణువులు కొద్ది చోట్ల మాత్రమే ఒకదానినొకటి తాకుతాయి. అందువల్ల మదర్ లిక్కర్ స్ఫటికం పైనే కాక లోపలి కాలువల్లో కూడా నిలిచి ఉంటుంది, కడగడానికి వాడే ద్రావణం కాస్త మారినా స్ఫటికం పగలవచ్చు, కరగవచ్చు. పీహెచ్‌నో లవణాన్నో తొందరపడి మార్చితే స్ఫటికానికి బదులు పాలు విరిగినట్టు అవక్షేపం వస్తుంది. కంటికి రెండూ తెల్లని మడ్డిగానే కనబడతాయి, మైక్రోస్కోపు కింద ఒక చుక్క పెడితేనే అంచులు తీరిన స్ఫటికాలా, ఆకారంలేని ముద్దలా అన్నది తెలుస్తుంది. ఆ ముద్ద మలినాలను తనలో పెట్టుకుంటుంది, ఫిల్టర్‌ను కూడా మూసేస్తుంది. సీడింగ్ అనుభవం ఉన్న మీలాంటివారికి ఈ దశ సులువుగా పట్టుబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీ మందుల) సంగతేమిటి?

సమాధానం 3 (ఫార్ములేషన్ విభాగం):
అవి సుమారు 150 కిలోడాల్టన్ల (అణుభారపు కొలమానం) అణువులు, ఇన్సులిన్ 6 కూడా ఉండదు. పైగా నడుమ కీలు లాంటి వంగే భాగం ఉంటుంది, చక్కెర గొలుసులు అణువుకొక రకంగా ఉంటాయి. క్రమంగా పేరుకోవడానికి ఇవన్నీ అడ్డమే. అయినా అసాధ్యం కాదు. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీల స్ఫటికాలను 2003లో ప్రచురించారు. అయితే అక్కడ ఉద్దేశం చర్మం కింద ఇవ్వగల చిక్కటి మందు, శుద్ధి కాదు. పెంబ్రోలిజుమాబ్ అనే మరో యాంటీబాడీని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో స్ఫటికీకరించినప్పుడు 39 మైక్రోమీటర్ల దగ్గర ఒకే పరిమాణంలో వచ్చాయి, భూమ్మీద చేసినవి 13, 102 మైక్రోమీటర్ల దగ్గర రెండు గుంపులుగా వచ్చాయి. అందులోనూ లక్ష్యం సూదిలో సాఫీగా వెళ్ళే మందే.

మీరు ప్రయత్నించదలిస్తే మొదట ఒక చిన్న పరీక్ష చేయండి. కడిగిన స్ఫటికాలను కరిగించి, మదర్ లిక్కర్‌ను కూడా పక్కన పెట్టుకుని, రెండింటినీ ఒకే అయాన్ ఎక్స్‌ఛేంజ్ పద్ధతిలో నడపండి. రెండింటిలో ఆవేశ రూపాంతరాల (విద్యుదావేశంలో తేడా ఉన్న అదే ప్రోటీన్ రూపాల) నిష్పత్తి ఒకటే అయితే, ఆ మలినాల వరకు మీ స్ఫటికీకరణ దేన్నీ విడదీయడం లేదని అర్థం, అప్పుడు కాలమ్ తప్పదు.