ఫైటర్ ఫ్రేమ్ మెషినింగ్: క్లాంపు వదలగానే వంపు, ఎలా ఆపాలి?

తేజస్ మార్క్ 1ఏకి 2021లో 83, 2025లో మరో 97 ఆర్డర్లు వచ్చాక, మధ్య ఫ్యూజలాజ్ (విమాన దేహంలో నడుమ భాగం) హైదరాబాద్‌లోనే తయారవుతుండటంతో బాలానగర్, చర్లపల్లి మెషిన్ షాపులకూ ఫైటర్ ఫ్రేమ్ (విమాన దేహపు చట్రం) మెషినింగ్ పని అందే వీలుంది. అందుకే క్లాంపు వదలగానే భాగం వంగిపోయే ఈ సమస్య తేల్చుకోవాలి. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

మెటీరియల్ 7050-టీ7451 అల్యూమినియం మిశ్రమలోహపు ప్లేటు, మందం 80 మి.మీ., పొడవు 900. పూర్తయ్యాక వెబ్ (పాకెట్ల, అంటే తొలిచిన గుంతల, పలుచని అడుగు) 2 మి.మీ., గోడలు 1.5. అంటే తొంభై శాతానికి పైగా లోహం చిప్స్‌గానే పోతుంది. రఫింగ్‌లో (మొదటి ముతక కోతలో) రెండు వైపులా 3 మి.మీ. వదిలి, క్లాంపులు తీసి ఒక రోజు ఉంచి, డేటమ్ ముఖం (కొలతలకు ఆధారమైన తలం) మళ్లీ పలుచగా స్కిమ్ చేసి, వాక్యూమ్ ఫిక్చర్ (గాలి పీల్చి భాగాన్ని పట్టి ఉంచే బిగింపు) మీద ఫినిష్ చేస్తున్నాం. ఫిక్చర్ మీద కొలత సరిగ్గానే ఉంటుంది. వదలగానే 0.6 మి.మీ. వంపు, పాకెట్ల వైపుకి. అనుమతి 0.2.

వేడి చేసి సరిచేస్తే టెంపర్ (హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన బలం) పోతుంది. ప్రెస్‌లో వంచితే లోపల మిగిలే స్ట్రెస్ ఫెటీగ్ ఆయుష్షు (పదేపదే పడే లోడును తట్టుకునే కాలం) తగ్గిస్తుంది, డిజైన్ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ప్రక్రియలోనే దారి వెతకాలి.

భాగాన్ని ప్లేటు మందంలో సరిగ్గా మధ్యన పెట్టాలా, ఒక పక్కకి జరపాలా? సెమీ ఫినిష్‌లో ఇంకో ఫ్లిప్ (భాగాన్ని తిప్పి రెండో వైపు కోయడం) కలిపితే ఫలితం ఉంటుందా? పలుచని వెబ్‌లో అరిగిన కట్టర్ వల్ల పుట్టే ఉపరితల స్ట్రెస్సే అసలు కారణమని నా అనుమానం. దీన్ని ప్లేటులో ముందే ఉన్న స్ట్రెస్ నుంచి విడదీసి పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా? ఆపరేషన్ల క్రమం మారిస్తే ఏఎస్9102 (విమాన రంగంలో మొదటి భాగం తనిఖీకి ప్రమాణం) ప్రకారం పాక్షిక ఫస్ట్ ఆర్టికల్ తనిఖీతో సరిపోతుందా, మొత్తం చేయాలా?