జార్జ్ విల్సన్‌ను నిజంగా ఉరి తీశారా? (గుడ్ ఫ్రైడే ప్రసంగం కోసం)

తెనాలి సుధాకర్:
అందరికీ వందనాలు. గుడ్ ఫ్రైడే నాడు, క్రీస్తు పక్కన సిలువ మీద మారుమనస్సు పొందిన కుడివైపు దొంగ మీద పది నిమిషాలు మాట్లాడమని మా సంఘంలో నాకు అప్పజెప్పారు. చిన్నప్పటి నుంచి కూటాల్లో వింటున్న కథ ఒకటుంది. అమెరికాలో జార్జ్ విల్సన్ అనే దొంగ తపాలా బండి దోచాడు, ఉరిశిక్ష పడింది, ప్రెసిడెంట్ క్షమించినా వద్దన్నాడు, సుప్రీంకోర్టు కూడా చేసేదేమీ లేక ఉరి తీయించింది. మా యూత్‌లో లా చదివే ఒక పిల్ల "అంకుల్, తీర్పులో ఉరి తీసినట్టు ఎక్కడా లేదు" అంటోంది. ఏది నిజం? "కథ బాగుంది కదా, చెప్పేయండి" అనే సలహా మాత్రం వద్దు. అది మా ఆవిడ ఇచ్చేసింది.

గుంటూరు ప్లీడరు:
ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టు. 1829 డిసెంబరులో ఫిలడెల్ఫియా దగ్గర రెడింగ్ మెయిల్ కోచ్‌ని దోచింది ముగ్గురు: పోర్టర్, విల్సన్, పొటీట్. పొటీట్ అప్రూవర్‌గా మారాడు. తపాలా దోపిడీలో బండివాడి ప్రాణానికి ఆయుధంతో ముప్పు తెస్తే మరణశిక్షే అని అప్పటి చట్టం. పోర్టర్‌ను 1830 జులై 2న ఉరి తీశారు. విల్సన్‌కు అంతకుముందే ప్రెసిడెంట్ జాక్సన్ ప్రాణభిక్ష పెట్టాడు. అయితే అది ఉరి వరకే, మిగతా కేసుల్లో జైలు ఎలాగూ తప్పదు. ఆ తర్వాత కోర్టు అడిగితే, ఆ క్షమాపత్రం నాకు అక్కర్లేదన్నాడు. 1833లో చీఫ్ జస్టిస్ మార్షల్ తేల్చింది ఇంతే: క్షమాభిక్షను కోర్టు ముందు పెట్టుకోవాల్సింది ముద్దాయే, వద్దంటే బలవంతాన అంటగట్టే అధికారం కోర్టుకు లేదు. విల్సన్ జైలుకెళ్ళాడు. ఉరికంబం ఎక్కలేదు.

మెడ్‌ఫర్డ్ వదిన:
సుధాకర్ గారూ, నేనుండేది బోస్టన్ పక్కన. ఇక్కడి పాత దొంగల కాగితాలు చదవడం నాకో పిచ్చి, మా ఇంట్లో అందరూ విసుక్కుంటారు. విల్సన్ కథకు లేని ఉరి తగిలించడం నాకేం వింతగా లేదు. ఈ దేశంలో దొంగల కథలు అమ్ముడుపోయిందే ఉరికంబం కింద! చూడ్డానికి జనం తిరనాళ్ళకొచ్చినట్టు వచ్చేవాళ్ళు. ఒంటిపేజీ కాగితాలు అచ్చేసి అమ్మేవాళ్ళు. పైన బొమ్మ, కింద దొంగ "చివరి మాటలు". మాటలు దొంగవే కానీ మూస మాత్రం అచ్చాఫీసుది, పాస్టర్లది: భక్తిగల అమ్మానాన్నలు, చెడు సావాసం, తాగుడు, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టడం, ఆఖర్న కుర్రాళ్ళకు బుద్ధులు.

రేచల్ వాల్ సంగతే చూడండి. దారిదోపిడీ నేరం మీద 1789 అక్టోబరు 8న బోస్టన్‌లో ఉరి తీశారు. ఆవిడ మీద కేసేమిటంటే, వీధిలో ఇంకో ఆడమనిషి బోనెట్ లాక్కుందని! ఒక టోపీకి ప్రాణం. తన కాగితంలో ఓడ కెప్టెన్ గదిలో బంగారం కాజేసింది కూడా ఒప్పుకుంది, ఈ బోనెట్ మాత్రం నేను తీయలేదంది. ఇప్పుడు నెట్‌లో వెతికితే ఆవిడ సముద్రపు దొంగ. ఆ కాగితంలో సముద్రం మీద దోపిడీల ఊసే లేదు.

మా మెడ్‌ఫర్డ్‌కీ ఒక దొంగ ఉన్నాడు లెండి. మైకేల్ మార్టిన్, ఐర్లండ్ వాడు, మారుపేరు కెప్టెన్ లైట్‌ఫుట్. 1821లో ఇక్కడి రోడ్డు మీద మేజర్ బ్రే బండి ఆపాడు. ఆయన భార్య గడియారం దాచుకోబోతే "నేను ఆడవాళ్ళ దగ్గర తీసుకోను" అన్నాడట. జైల్లో వాడు చెప్పింది రాసుకుని ఆ ఏడే పుస్తకం వేశారు, ఆ ఏడే ఉరి తీశారు. ఆ గడియారం ముక్క నాకెందుకో నమ్మబుద్ధి కాదు. చచ్చేముందు ఎవడికైనా కాస్త హీరో అవ్వాలనే ఉంటుంది.

మీ పది నిమిషాలకు లెవీ ఏమ్స్‌ను తీసుకోండి. ఇరవై ఒక్కేళ్ళ వాడు, ఇళ్ళల్లో దొంగతనాలు. 1773 అక్టోబరు 21న బోస్టన్‌లో ఉరి. అంతకు ముందు ఆదివారం ఆండ్రూ ఎలియట్ అనే పాస్టరు ఇచ్చిన ప్రసంగం మీ వాక్యం మీదే, సిలువ మీద మారుమనస్సు పొందిన దొంగకు క్రీస్తు ఇచ్చిన మాట మీద. సామ్యూల్ మేదర్ అనే ఇంకో పాస్టరైతే, ఏమ్స్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకునే ప్రసంగించాడు. అన్నీ అచ్చయ్యాయి. అప్పటి అచ్చులో ఎస్‌లు ఎఫ్‌ల్లా ఉంటాయి, కాస్త ఓపిక పట్టాలి.

నైట్ షిఫ్ట్ రాజు:
వదినా, దొంగ చర్మంతో బైండు చేసిన పుస్తకం బోస్టన్‌లో ఉందంటారు, అది కూడా ఇలాంటి బాపతేనా?

మెడ్‌ఫర్డ్ వదిన:
కాదు రాజూ, అది నిజం. జేమ్స్ అలెన్, మారుపేరు జార్జ్ వాల్టన్. ఉరి కాదు, 1837లో జైల్లోనే జబ్బు చేసి పోయాడు. తన జీవితకథ ఒక కాపీ తన తోలుతోనే బైండు చేసి జాన్ ఫెన్నోకి ఇమ్మన్నాడట. ఫెన్నో అంటే వీడు దోచుకోబోతే తిరగబడినవాడు. లేత రంగు అట్ట, జింకతోలు అనుకుంటారు. మీద లాటిన్‌లో "ఈ పుస్తకం వాల్టన్ చర్మంతో కట్టింది" అని ఉంటుంది. ఇప్పుడు బోస్టన్ అథీనియం లైబ్రరీలో ఉంది.

తెనాలి సుధాకర్:
ప్లీడరు గారికి, వదిన గారికి వందనాలు. ఏమ్స్ ఖాయం. ఎలియట్ ప్రసంగం లింకు ఉంటే పెట్టండి, ఎస్‌లూ ఎఫ్‌లూ నేను చూసుకుంటాను. తోలు పుస్తకం సంగతి మాత్రం భోజనాలయ్యాక చెబుతా.